పక్షవాతం తరువాత వెంటాడే భయం

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు. ఐదు నెలల క్రితం కుడివైపు పక్షవాతం వచ్చింది. ఇప్పుడు చేతికర్ర లేకుండా నడుస్తున్నారు. అయినా స్నానాలగది తలుపు గడియ పెట్టుకోరు, వీధి చివరి కిరాణా కొట్టు వరకు వెళ్లమంటే గుండె దడ అంటారు, కాస్త తల నొప్పిగా ఉంటే చాలు బీపీ యంత్రం తెమ్మంటారు. డిప్రెషన్ మాత్రలు వాడితే చేయి కూడా త్వరగా వస్తుందని బంధువులు చెబుతున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ముందుగా మాత్రల సంగతి. డిప్రెషన్‌కు వాడే ఫ్లూక్సెటిన్ అనే మాత్ర వల్ల కాలుచేతుల కదలిక మెరుగుపడుతుందని 2011లో ఫ్రాన్స్‌లో జరిగిన ఒక చిన్న పరిశోధన ఆశ కల్పించిన మాట నిజమే. అయితే బ్రిటన్‌లో 3,127 మంది రోగులపై జరిపి 2018లో ఫలితాలు వెల్లడించిన ‘ఫోకస్’ పరిశోధనలో, ఆరు నెలలు ఆ మాత్ర వాడినవారు కోలుకోవడంలో మిగతావారికంటే మెరుగ్గా ఏమీ లేరు. కొత్తగా డిప్రెషన్ రావడం కొంత తగ్గినా, ఎముకలు విరగడం ఎక్కువైంది. కాబట్టి చేయి కోసం ఆ మాత్ర అక్కరలేదు. డిప్రెషన్‌కో ఆందోళనకో వైద్యులు ఇప్పటికే రాసి ఉంటే మాత్రం సొంతంగా ఆపకండి.

ఇక మీ నాన్నగారి భయం అరుదైనదేమీ కాదు. పక్షవాతం వచ్చినవారిలో దాదాపు నలుగురిలో ఒకరికి మొదటి ఏడాదిలో ఆందోళన కనిపిస్తుంది. ఎడిన్‌బరోలోని పరిశోధకులు 2018లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, వీరిలో అన్నిటి గురించీ దిగులుపడేవారికంటే ఒంటరిగా బయటికి వెళ్లడం, జనసమ్మర్దం, మళ్లీ పక్షవాతం రావడం వంటి నిర్దిష్టమైన విషయాలకు భయపడి వాటికి దూరంగా ఉండేవారే ఎక్కువ. మీరు రాసిన లక్షణాలు దీనికి దగ్గరగా ఉన్నాయి. దూరంగా ఉన్న కొద్దీ తాత్కాలికంగా ఊరట దొరుకుతుంది, భయం మాత్రం బలపడుతుంది; పైగా దెబ్బతిన్న భాగం చేసే పనిని మెదడులోని ఇతర భాగాలు అందుకోవాలంటే ఆ పని మళ్లీ మళ్లీ చేయాలి కనుక, కదలిక తగ్గితే కోలుకోవడమూ మందగిస్తుంది. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ టాబ్ కోతులపై చేసిన ప్రయోగాల్లో స్పర్శ పోయిన చేతిని అవి వాడటమే మానేశాయి, మంచి చేతిని కట్టేసినప్పుడు మాత్రం మళ్లీ వాడాయి.

అందువల్ల, కష్టమైనా, ఇంట్లోవారు ప్రతి అడుగుకూ తోడు వెళ్లడం క్రమంగా తగ్గించాలి. నడకలో పడిపోయే ప్రమాదం లేదని ఫిజియోథెరపిస్టు నిర్ధారించాక, మొదట మీరు వాకిట్లో నిలబడి చూస్తుండగా ఆయనను పక్కింటి గేటు వరకు వెళ్లి రానివ్వండి; దడ వచ్చినా వెంటనే వెనక్కి పిలవక, అది తగ్గేవరకు అక్కడే ఉండమనండి. అది అలవాటయ్యాక కిరాణా కొట్టు. బీపీ వైద్యులు చెప్పిన వేళల్లోనే చూడండి (యంత్రాన్ని బీరువాలో దాచమని కాదు, అడిగినప్పుడల్లా చూడటమే భయానికి మేత). కొన్ని వారాల్లో మార్పు రాకపోతే, భయాన్ని అంచెలంచెలుగా ఎదుర్కొనే చికిత్సలో అనుభవమున్న క్లినికల్ సైకాలజిస్టును కలవండి.

ఏ లక్షణానికి కంగారు పడాలో ఆయనకు స్పష్టంగా తెలియాలి. మూతి ఒక పక్కకు వంకరపోవడం, చేయి లేదా కాలు హఠాత్తుగా పట్టు తప్పడం, మాట ముద్దగా రావడం, మునుపెన్నడూ లేనంత తీవ్రమైన తలనొప్పి ఒక్కసారిగా రావడం: వీటిలో ఏది కనిపించినా తగ్గుతుందేమోనని చూడకుండా 108కి ఫోన్ చేయండి. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా తొలి నాలుగున్నర గంటల్లోనే ఇస్తారు.