స్ప్రింగు షట్టరా, బ్యాటరీ షట్టరా?

ప్రశ్న: మా నాన్నగారు వాడిన పూర్తి యాంత్రిక ఫిల్ము కెమెరానూ, ఈమధ్య నేను సెకండ్‌హ్యాండులో కొన్న ఎలక్ట్రానిక్ షట్టరు కెమెరానూ నిరుడు విజయనగరం సిరిమానోత్సవానికి తీసుకువెళ్లాను. రెండింటిలోనూ ఒకే రకం ఫిల్ము వేసి, ఒకే వెలుతురులో, 1/1000 సెకను షట్టరు వేగం, ఎఫ్ 5.6 ఎపర్చరు (లెన్సు రంధ్రం) వద్ద సిరిమానును ఫొటో తీశాను. నాన్నగారి కెమెరాలోని నెగటివ్‌లు మాత్రం బాగా నల్లగా వచ్చాయి. ఎలక్ట్రానిక్ షట్టరే ఖచ్చితమైనదనీ, పాతదాన్ని అమ్మేయమనీ మిత్రులు అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: తొందరపడి అమ్మకండి. మీరు నెగటివ్‌లను పోల్చి చూడటం మంచిదైంది. నెగటివ్ నల్లబడిందంటే ఫిల్ము మీద వెలుతురు ఎక్కువ పడిందన్నమాట. ప్రింటు వేసేటప్పుడు ల్యాబులో ఈ తేడాను సరిదిద్దేస్తారు కాబట్టి, ప్రింట్లే చూసి ఉంటే మీకు ఈ సందేహమే వచ్చేది కాదు.

షట్టరు అంటే ఫిల్ము మీద వెలుతురు ఎంతసేపు పడాలో తేల్చే తెరల జత. ఎలక్ట్రానిక్ షట్టరు అనగానే ఆ తెరలను కూడా కరెంటే లాగుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఇలాంటి ఫిల్ము కెమెరాల్లో ఫిల్ము ముందున్న రెండు తెరలనూ పరుగెత్తించేది స్ప్రింగులే. మొదటి తెర తెరిచిన దారిని రెండో తెర ఎప్పుడు మూయాలన్నది యాంత్రిక కెమెరాలో పళ్లచక్రాలూ మీటలూ తేలుస్తాయి. ఎలక్ట్రానిక్ కెమెరాలో ఒక సర్క్యూట్ కాలాన్ని లెక్కగట్టి, రెండో తెరను ఆపి ఉంచిన విద్యుదయస్కాంతం పట్టును సడలిస్తుంది.

సెకను నుంచి 1/15 దాకా ఉండే నెమ్మది వేగాల్లో ఎలక్ట్రానిక్ షట్టరుదే పైచేయి. పళ్లచక్రాల్లోని గ్రీజు ఏళ్ల తరబడి వాడక ఎండితే అవి ఈడ్చుకుంటూ తిరుగుతాయి. బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో మసక వెలుతురులో పనస కర్రను తొలుస్తున్న వీణల కళాకారుణ్ణి 1/15లో తీయవలసివస్తే, నేనూ బ్యాటరీ కెమెరానే పట్టుకువెళతాను.

మీ సమస్య 1/1000 వద్ద వచ్చింది కాబట్టి కథ వేరు. ఆ వేగంలో ఫిల్ము మొత్తం ఒక్కసారిగా తెరుచుకోదు. రెండు తెరల మధ్య రెండు, మూడు మిల్లీమీటర్ల సందు మాత్రమే ఫిల్ము మీదుగా సాగిపోతుంది. చాలా యాంత్రిక కెమెరాల్లో మొదటి తెర ఫలానా చోటికి చేరగానే రెండోది విడుదలవుతుంది. అందువల్ల తెరలు బద్ధకించినా సందు వెడల్పు మారదు గాని, అది ప్రతి చోటా ఎక్కువసేపు నిలుస్తుంది; 1/1000 కాస్తా 1/700 అయితే అర స్టాపు (ఒక స్టాపు అంటే వెలుతురు రెట్టింపో, సగమో కావడం) వెలుతురు ఎక్కువ పడుతుంది. ఎలక్ట్రానిక్ కెమెరాలో రెండు తెరలూ సమానంగా నెమ్మదిస్తే ఎక్స్‌పోజరు (ఫిల్ము మీద పడే వెలుతురు మోతాదు) చెడదు. రెండింటి వేగం వేర్వేరైతే మాత్రం, సర్క్యూట్ ఎంత నిక్కచ్చిగా లెక్కించినా, ఫొటో ఒక అంచు నుంచి రెండో అంచుకు క్రమంగా ముదురుతుంది లేదా తేలుతుంది.

అయితే తప్పు షట్టరుదేనని ముందే తేల్చకూడదు. లెన్సు రంధ్రాన్ని మూసే బ్లేడ్లు జిడ్డుపట్టి పూర్తిగా మూసుకోకపోయినా నెగటివ్ ఇలాగే నల్లబడుతుంది. ఎండ నిలకడగా ఉన్నప్పుడు ఒకే గోడను 1/1000, ఎఫ్ 4; 1/500, ఎఫ్ 5.6; 1/250, ఎఫ్ 8; 1/125, ఎఫ్ 11 వద్ద వరుసగా తీసి, నెగటివ్‌లను పక్కపక్కన పెట్టి చూడండి. అన్నీ ఒకేలా ఉండాలి. 1/1000 ఒక్కటే నల్లగా ఉంటే షట్టరును అనుమానించవచ్చు. ఎపర్చరును మూసేకొద్దీ నలుపు పెరిగితే లెన్సును శుభ్రం చేయించాలి.

నెమ్మది వేగాల పరీక్షకు ఫిల్ము కూడా అక్కర్లేదు. కెమెరా వెనక మూత తెరిచి, పగటి వెలుతురు వచ్చే కిటికీ వైపు తిప్పి, ఫోనులో సెకనుకు 240 ఫ్రేముల స్లోమోషన్ వీడియో తీయండి. ఒక సెకనుకు 240, 1/8కి 30, 1/30కి 8 ఫ్రేములు వెలుతురుతో కనబడాలి. అంతకు మించిన వేగాలకు ఈ లెక్క పనికిరాదు.

ఒక్క మాట మరువకండి: 1976 నాటి కేనన్ ఏఈ-1 వంటి కెమెరా బ్యాటరీ అయిపోతే క్లిక్కుమనదు, 1982లో వచ్చిన నికాన్ ఎఫ్ఎం2 బ్యాటరీ లేకున్నా అన్ని వేగాల్లోనూ పనిచేస్తుంది. పరీక్షలో మీ యాంత్రిక కెమెరా 1/1000 వద్ద ప్రతిసారీ అర స్టాపే ఎక్కువ చూపితే, ఆ వేగంలో ఎపర్చరును అర స్టాపు మూసి వాడుకోండి. ఒకసారి ఒకలా, ఇంకోసారి ఇంకోలా వస్తే మాత్రం మెకానిక్కు ఇచ్చి, తెరల బిగువు సరిచేయించి, మళ్లీ అదే గోడను తీసి చూడండి.