ఇరుసు హౌసింగ్ కోసి పొట్టి చేయిస్తే చట్టం ఒప్పుకుంటుందా?

ప్రశ్న: మాది కాజీపేట. పాత జీపుకు వెనుక వెడల్పు టైర్లు వేయిస్తే బాడీ దాటి బయటికి వస్తున్నాయి. వేరే యాక్సిల్ (ఇరుసు) కొనే స్తోమత లేదు. వరంగల్ ఆటోనగర్‌లో ఒక లేత్ మేస్త్రి హౌసింగ్ (ఇరుసు తొడుగు) గొట్టాలు చెరో రెండంగుళాలు కోసి వెల్డింగ్ పెడతానని, లోపల చక్రాలను తిప్పే హాఫ్ షాఫ్టులు కూడా పొట్టి చేసిస్తానని అంటున్నాడు. ఇది నేరమా? ఆర్‌సీలో రాయించాలా? ఇన్సూరెన్స్ పోతుందా?

జవాబు: ఆర్‌సీలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వాటితో తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం, 1988 సెక్షన్ 52 చెబుతోంది. మీ ఆర్‌సీ తీసి చూడండి. వీల్‌బేస్ (ముందు, వెనుక చక్రాల మధ్య దూరం), ఖాళీ బండి బరువు, సీట్లు, బాడీ రకం ఉంటాయి. రెండు వెనుక చక్రాల మధ్య దూరం మాత్రం ఉండదు. కాబట్టి తేడాయే లేదని మీ తరఫున వాదించవచ్చు. కానీ అదే సెక్షన్ బండి మౌలిక లక్షణం మారేలా నిర్మాణాన్ని మార్చడాన్నే ‘మార్పు’ అంటోంది. తయారీదారు స్పెసిఫికేషన్ దాటి మార్చడానికి వీల్లేదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో గట్టిగా చెప్పింది. ఇరుసును కోసి అతకడం ఆ గీతకు ఏ పక్కన పడుతుందో ముందే చెప్పలేం, ఇన్‌స్పెక్టర్ మీకు అనుకూలంగా చూస్తాడన్న ధీమాతో పని మొదలుపెట్టవద్దు.

అనుమతి లేని మార్పుకు సెక్షన్ 182ఎ(4) కింద యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా మార్పు ఒక్కింటికి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. మేస్త్రికీ తప్పించుకునే దారి సన్నమే: చట్టంలో ‘డీలర్’ నిర్వచనంలోకి బండ్లు రిపేరు చేసేవారూ వస్తారు, వాళ్లకు బండికి లక్ష రూపాయల జరిమానా ఉంది. ఈ మాట ఆయనతో చెప్పి చూడండి, సగం మంది అక్కడే వెనక్కి తగ్గుతారు.

నిజానికి మిమ్మల్ని ముంచేది ఆ అయిదు వేలు కాదు, ప్రమాదం తర్వాత ఆ వెల్డింగే సాక్ష్యం కావడం. కొలత కడ్డీ లేకుండా కంటిచూపుతో అతికితే వేడికి గొట్టం వంగుతుంది. బేరింగులు వంకరగా కూర్చుని, ఆయిల్ సీల్ కారి, ఆ ఆయిల్ బ్రేక్ లైనింగుల మీద పడుతుంది. సరిగా చేసేవాళ్లు డిఫరెన్షియల్ (ఇరుసు మధ్యలోని గేర్ల పెట్టె) బేరింగు గూళ్లలోనూ రెండు చివర్లలోనూ లేత్ మీద కొలతకు చెక్కిన బిళ్లలు పెట్టి, వాటిగుండా లావు కడ్డీ దూర్చి, ఎదురెదురుగా కొద్దికొద్దిగా వెల్డింగ్ పెడతారు. షాఫ్టు సంగతి ఇంకా కష్టం. చివర నుంచి లోపలికి వచ్చేకొద్దీ సన్నబడే షాఫ్టయితే, కోసిన చోట పూర్తి లోతు స్ప్లైన్ పళ్లు (గేరులో ఇమిడే గాళ్లు) తీయడానికి లావు చాలదు. మధ్యలో కోసి అతికిన షాఫ్టు ఒద్దే ఒద్దు. బండి బరువును కూడా షాఫ్టే మోసే సెమీ ఫ్లోటింగ్ రకంలో షాఫ్టు విరిగితే చక్రమే ఊడి బయటికి రావచ్చు. ఛాసిస్ మారదు కనుక కమాను పట్టీలు (స్ప్రింగులు) ఇరుసు మీద కూర్చునే సీట్లు పాత దూరంలోనే ఉండాలి. అంటే డ్రమ్ముకూ పట్టీలకూ మధ్య ఖాళీ రెండంగుళాలు తగ్గుతుంది, టైరు లోపలివైపు రాసుకోవచ్చు. సీట్ల కోణం తప్పితే గేర్‌బాక్స్ నుంచి ఇరుసుకు శక్తి తెచ్చే ప్రొపెల్లర్ షాఫ్టు వణుకుతుంది.

ఇలాంటి లోపం తెలిసీ నడిపి ఎవరికైనా గాయమైతే సెక్షన్ 190 కింద మూడు నెలల వరకు జైలు లేదా జరిమానా. ప్రాణం పోతే, నిర్లక్ష్యం రుజువైతే, భారతీయ న్యాయ సంహిత 106(1) కింద అయిదేళ్ల వరకు.

ఇన్సూరెన్స్‌లో సొంత బండి నష్టానికి పెట్టే క్లెయిమును కంపెనీ తిరస్కరించే అవకాశం ఎక్కువ. ఎదుటివారి పరిహారం వేరు. అక్కడ కంపెనీ తప్పించుకోవడానికి సెక్షన్ 150లో ఉన్న కారణాల్లో ఒకటి, ముఖ్యమైన విషయం దాచి పాలసీ తీసుకోవడం. మార్పు చేయించాక చెప్పకుండా రెన్యువల్ చేసుకోవడం అందుకే ప్రమాదకరం. కంపెనీ ముందు చెల్లించి తర్వాత మీ దగ్గర వసూలు చేసుకునే ఆదేశాలూ ఉంటాయి.

నా సలహా: గొట్టం ముట్టుకోకముందు హనుమకొండ రవాణా కార్యాలయంలో, కొలతలతో ఒక గీత బొమ్మ జతచేసి, అనుమతి కోరుతూ దరఖాస్తు ఇచ్చి రశీదు తీసుకోండి. జవాబు రాతపూర్వకంగానే కావాలి, కౌంటరు దగ్గర నోటిమాట చెల్లదు. ఇన్సూరెన్స్ కంపెనీకీ అదే ప్రతి పంపండి. బండి మీద ఫైనాన్స్ ఉంటే వాళ్ల రాత సమ్మతి లేకుండా మార్చడానికి చట్టమే ఒప్పుకోదు. జీపు పదిహేనేళ్లు దాటినదైతే అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు తనిఖీ తప్పదు, వెల్డింగ్ గీత అప్పుడైనా కనబడుతుంది.

అంతకంటే చౌక దారి ఒకటుంది. టైరు లోపలికి జరిగేలా ఆఫ్‌సెట్ ఉన్న రిమ్ములు దొరుకుతాయేమో అడగండి, పట్టీలకు ఎంత ఖాళీ ఉందో ముందే కొలుచుకుని. అదీ కుదరకపోతే కంపెనీ చెప్పిన సైజు టైర్లే వేసుకోండి. ఈ వెడల్పు టైర్లు అమ్మితే వాటి డబ్బులో కొంత రానే వస్తుంది.