‘ద గివర్’ వ్యాస పరీక్షకు ఫియోనా వెంట నడవండి

ప్రశ్న: మూడు వారాల్లో ‘ద గివర్’ నవలపై వ్యాస పరీక్ష ఉంది. అందరూ ఒకేలా బతకాలనే సమాజం గురించి రాయమంటారట. నవల రెండుసార్లు చదివాను, అధ్యాయాల సారాంశాలు కంఠస్థం చేశాను. అయినా మాక్ టెస్టు పేపర్ మీద ‘కథ చెప్పావు, విశ్లేషణ లేదు’ అని టీచర్ రాశారు. ఎలా సిద్ధం కావాలి?

జవాబు: కథ మీకు క్షుణ్ణంగా వచ్చు కాబట్టి సారాంశాలు ఇక పక్కన పెట్టేయండి. లోయిస్ లోరీ 1993లో వెలువరించిన ఈ నవల పేపర్ దిద్దేవారికి కొట్టినపిండి. ఆ సమాజం గురించి మీరేమనుకుంటున్నారు, పుస్తకంలో ఏది చూసి అలా అనుకున్నారు? వారు వెతికేది ఈ రెండింటి కోసమే.

చాలామంది ‘సేమ్‌నెస్ (అందరూ ఒకేలా ఉండాలనే ఆ సమాజపు పద్ధతి) చెడ్డది’ అని మొదలుపెట్టి రంగుల్లేవు, సంగీతం లేదు, ప్రేమ లేదు అంటూ వరసగా రాసేస్తారు. ఆ వాదనలో పస ఉండదు. అక్కడ ఆకలి లేదు, యుద్ధం లేదు. ఆ మేలు కోసమే జనం అలాంటి బతుకుకు ఒప్పుకున్నారు. ముందు ఆ మేలును మనస్ఫూర్తిగా ఒప్పుకోండి, ఆ తర్వాత దానికి వాళ్లు ఏం వదులుకున్నారో చూపండి.

అది చూపడానికి నేనైతే కథానాయకుడు జోనస్‌ను కాకుండా అతని స్నేహితురాలు ఫియోనాను ఎంచుకుంటాను. ఆమె కనిపించే చోట్లు తక్కువ, ఒక వ్యాసంలో ఇమిడిపోతాయి. పన్నెండేళ్ల పిల్లల వేడుకలో పెద్దలు ఆమెకు వృద్ధుల సంరక్షణ పని అప్పగిస్తారు. కెరీర్ సలహాలిచ్చే మనిషిని కదా, ఆ పుట దగ్గర ఎన్నిసార్లు చదివినా ఆగిపోతాను. పిల్లలను ఏళ్ల తరబడి గమనించి తీసుకున్న నిర్ణయమది. నెమ్మదస్తురాలైన ఫియోనాకు సరిగ్గా సరిపోయే పని కూడా. పెద్దలు పొరబడి ఉంటే తప్పుపట్టడం సులువు. సరైన పనే దొరికినప్పుడు, తాను ఎంచుకోలేకపోవడం వల్ల ఆ పిల్లకు ఏం నష్టం? దీని మీద ఒక పేరా ఆలోచించి రాయండి, మీ వ్యాసం పదిమందిలో కలిసిపోదు.

జోనస్‌కు మొదట కనిపించిన రంగుల్లో ఆమె జుట్టు ఎరుపు ఒకటి. అందరినీ ఒకేలా తయారుచేసే శాస్త్రవేత్తలకు లొంగని జుట్టది. 20వ అధ్యాయానికి వచ్చేసరికి, ఆమె వృద్ధులను ‘విడుదల’ చేయడం నేర్చుకుంటోందని, పనిలో చాలా సమర్థురాలని, జోనస్‌కు పాతకాలపు జ్ఞాపకాలు అందించే గివర్ చెబుతాడు. విడుదలంటే చంపడమేనని జోనస్ అప్పటికే కళ్లారా చూశాడు. ఇక్కడ ఫియోనాను క్రూరురాలిగా రాస్తే పొరపాటు. ఆమెకు నేర్పిన జీవితంలో భావాలకు చోటే లేదు. ‘ఫియోనా జుట్టును మార్చలేకపోయిన సమాజం ఆమె మనసును మార్చగలిగింది’ అన్నది ఈ వ్యాసానికి వాదనా వాక్యం.

ఇది నా దారి, దీన్నే పరీక్షలో దించేయకండి. జోనస్ తండ్రిని తీసుకోవచ్చు: పసివాడు గాబ్రియేల్ మీద అంత శ్రద్ధ చూపిన మనిషే కవలల్లో తూకం తగ్గిన బిడ్డకు ప్రాణం తీసే సూది వేస్తాడు. లేదా ‘నన్ను ప్రేమిస్తున్నారా’ అని అడిగిన కొడుకుకు, మాట కచ్చితంగా వాడమని తల్లిదండ్రులిచ్చే జవాబు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించే సన్నివేశమది.

మొదటి వారం ఇలాంటివి మూడు ఎంచుకుని, ఒక్కోదానికి నాలుగు సన్నివేశాలు, నాలుగైదు మాటల ఉల్లేఖనలు కాగితం మీద పెట్టుకోండి. రెండో వారం గడియారం ముందు పెట్టుకుని చేత్తో మూడు వ్యాసాలు రాయండి. చివరి వారం రకరకాల ప్రశ్నలకు తొలి పేరాలు మాత్రమే సాధన చేస్తే చాలు. ముగింపు గురించి అడిగితే జోనస్ బతికాడా లేదా అని తేల్చేయాలని చూడకండి. చివర్లో అతనెక్కేది స్లెడ్ (మంచు మీద జారే బండి), అతను అందుకున్న మొదటి జ్ఞాపకంలోదీ స్లెడ్డే. ఆ పోలికను పట్టుకుని ఎటు వాదించినా నిలుస్తుంది.

రాసిన ప్రతి వ్యాసంలో కథ మాత్రమే చెబుతున్న వాక్యాల కింద ఎర్ర గీత గీయండి. ఒక పేరాలో అలాంటివి రెండు దాటితే ఆ పేరా మళ్లీ రాయండి. మూడో వ్యాసాన్ని టీచర్‌కు చూపించి, మీరు గీయకుండా వదిలేసినవి ఏమైనా ఉన్నాయేమో అడగండి.