అమ్మ వ్యాసర్‌పాడి వదిలి రానంటోంది

ప్రశ్న: మా అమ్మకు 73 ఏళ్లు. చెన్నై వ్యాసర్‌పాడిలో హౌసింగ్ బోర్డు ఇంట్లో, రెండో అంతస్తులో ఒక్కతే ఉంటుంది. బీపీ, షుగర్ ఉన్నాయి. పోయిన నెల బాత్‌రూమ్‌లో జారిపడి మణికట్టు విరిగింది. నేను బెంగళూరులో వ్యాన్ డ్రైవర్‌ని, ఒకే గదిలో నలుగురం ఉంటాం. రమ్మంటే రాదు. హోమ్‌లో చేర్పిస్తానంటే ఏడుస్తుంది. రాత్రి ఫోన్ మోగితే చాలు టెన్షన్. ఏం చేయమంటారు?
– ఒక కొడుకు, బెంగళూరు

జవాబు: అమ్మ పడినరోజు ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్లారో మీరు రాయలేదు. మీరైతే ఇక్కడ లేరు కాబట్టి పక్కింటివాళ్లే అయ్యుంటారు. అదే బెంగళూరులో మీరు బండెక్కాక, పిల్లలు బడికి పోయాక పడితే తలుపు తట్టేవాళ్లెవరు? ఆమెది మొండితనం అనుకోకండి, లెక్క తెలిసే రానంటోంది.

పడింది బాత్‌రూమ్‌లో కదా, ముందు దాని సంగతి చూడండి. నేల గరుకుగా ఉండాలి, పాచి పట్టకూడదు. గోడకు స్క్రూలతో గట్టిగా బిగించిన స్టీల్ పిడి కావాలి (టవల్ కడ్డీ పట్టుకుని లేస్తే అది ఊడి చేతికొస్తుంది). కింద కూర్చునే టాయిలెట్ అయితే దానిమీద పెట్టే కమోడ్ కుర్చీ కొనండి. రాత్రంతా ఒక చిన్న లైటు వెలగనివ్వండి. బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు గబుక్కున లేస్తే కళ్లు తిరగొచ్చు, మంచం అంచున ఒక నిమిషం కూర్చుని లేవమనండి. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గిందేమో కూడా డాక్టర్‌కి చూపించండి, అలా తగ్గినా పడే ప్రమాదం ఎక్కువే.

ఇక మెట్లు. అసలు కష్టం ఇదే, ఎందుకంటే మన బోర్డు ఇళ్లలో చాలాచోట్ల నీళ్లు కింద పంపు దగ్గరే పట్టుకోవాలి, విరిగిన చేత్తో బిందె పైకి మోయడం కుదిరే పని కాదు. నెలకింత అని మాట్లాడుకుని ఎవరిచేతైనా మోయించండి. రేషన్ కోసం దిగక్కర్లేదు, 2025 ఆగస్టులో మొదలైన తమిళనాడు ప్రభుత్వ తాయుమానవర్ పథకంలో 70 దాటి ఒంటరిగా ఉన్నవాళ్లకు సరుకులు ఇంటికే తెస్తారు. బీపీ, షుగర్ మాత్రలూ అంతే. 2021 నుంచి నడుస్తున్న ‘మక్కళై తేడి మరుత్తువం’ (ప్రజల్ని వెతుక్కుంటూ వైద్యం) అనే ప్రభుత్వ పథకంలో ఇంటికొచ్చి ఇస్తారు, అవసరమైనవాళ్లకు ఫిజియోథెరపీ కూడా ఉంది. మీ పేటలోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో పేరు రాయించండి, తమిళంలో మాట్లాడటానికి పక్కింటావిడను తోడు తీసుకెళ్లండి. కింది అంతస్తు ఇల్లు మార్చివ్వమని బోర్డు ఆఫీసులో ఒక అర్జీ కూడా పడేయండి, అయినప్పుడే అవుతుంది.

హోమ్ మాట మాత్రం ఇప్పుడు ఎత్తకండి. గ్యాస్ ఆపడం మర్చిపోతున్నా, తెలిసిన వీధిలోనే దారి తప్పుతున్నా, ఇవన్నీ చేశాక కూడా మళ్లీ పడినా అప్పుడు మళ్లీ రాయండి, నా జవాబు వేరేగా ఉంటుంది. వృద్ధుల సహాయానికి ఉచిత ఫోన్ 14567 ఉంది, ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా పలుకుతారు.

బాత్‌రూమ్‌కి లోపల గడియ పెట్టొద్దని అమ్మకు చెప్పండి. ఇంటి తాళం చెవి ఇంకొకటి చేయించి పక్కింటావిడ చేతికివ్వండి, ఉత్త చేతులతో వెళ్లకుండా ఒక చీర కూడా పట్టుకెళ్లండి.