లూపిన్ పిండి దోసెలు అమ్మబోయే శ్రావణికి

చిరంజీవి శ్రావణికి పెదనాన్న ఆశీస్సులు.

ఆస్ట్రేలియాలోని పెర్తులో, లూపిన్ అనే పప్పుజాతి గింజల పిండితో దోసెలు, జంతికలు చేసి అమ్మబోతున్నావని మీ నాన్న చెప్పాడు. అక్కడి గింజను మన పెనం మీదికి తెస్తున్నందుకు గర్వపడ్డాను గానీ, నువ్వు రాసిన ప్రకటన చూశాక గుబులు పట్టుకుంది.

మూడో వంతు మాంసకృత్తులు, దండిగా పీచు ఉండి, పిండిపదార్థం దాదాపు లేని గింజ కనుక, తిన్నాక రక్తంలో చక్కెర ఒక్కసారిగా పెరగదన్నది నిజమే. అందులోని గామా కాంగ్లుటిన్ అనే ప్రోటీను చక్కెరను తగ్గిస్తుందని ఎలుకల్లోనూ, కొద్దిమంది మనుషుల్లోనూ కనిపించింది. మొక్కల్లో ఉండే ఫ్లేవనాయిడ్లనే పదార్థాల్లో అపిజెనిన్ జాతివీ ఇందులో ఉన్నాయి. అంతమాత్రాన 'షుగరుకు మందు' అని రాస్తావా? మాత్రలు మానేసి నీ దోసెలు తినేవాళ్లు మనవాళ్లలోనే బయలుదేరతారు. ఆ మాట కొట్టెయ్యి.

పిండి పులియబెట్టడం నీకు చెప్పనక్కర్లేదు. నా భయమల్లా చేదు గురించే. నేను ఇథియోపియాలోని బహిర్ దార్‌లో పాఠాలు చెప్పిన రోజుల్లో అక్కడివాళ్లు దీన్ని గిబ్తో అనేవారు. వేయించి, ఉడికించి, రోజుల తరబడి పారే నీళ్లలో ఉంచి, చేదు విరిగాకే తినేవారు. నాతో ఒకే ఇంట్లో ఉన్న గుంటూరు మాస్టారు మాత్రం సంతలో గింజలు కొని, శనగల్లాగే ఒక్క రాత్రి నానబెట్టి, కుక్కరులో ఉడికించి, తాలింపు పెట్టి, "కాకరకాయ తిన్న నోటికి ఇదెంత" అంటూ గిన్నెడు తిన్నాడు. సాయంత్రానికి నోరు పిడచకట్టింది, కంటిపాపలు విచ్చుకున్నాయి, ఎదురుగా ఉన్న నా ముఖం మసకబారిందంటూ గోడ పట్టుకుని నిలబడ్డాడు. మర్నాటికి తేరుకున్నాడు కనుక సరిపోయింది. పురుగును దూరంగా ఉంచడానికి మొక్క తయారుచేసుకునే లూపనిన్ వంటి ఆల్కలాయిడ్లనే చేదు విషాల పని అది. అవి ఉడికిస్తే నశించవు, నీళ్లలోకి దిగుతాయి. ఆ నీళ్లను మార్చి మార్చి పారబొయ్యాలి.

మీ పడమటి ఆస్ట్రేలియాలో 1960లలో జాన్ గ్లాడ్‌స్టోన్స్ అనే శాస్త్రవేత్త చేదు లేని రకాలను రూపొందించాడు. అక్కడి నిబంధన ప్రకారం ఆహారపు లూపిన్ కిలోకు 200 మిల్లీగ్రాములకు మించి ఆల్కలాయిడ్లు ఉండకూడదు. కాబట్టి తినడానికని అమ్మే పిండే కొను. పూలకోసం పెరట్లో పెంచే లూపిన్ గింజలు ఎవరిచ్చినా తీసుకోకు.

వేరుశనగ పడనివారిలో కొందరికి లూపిన్ కూడా పడదు. అందుకే అక్కడ 2018 నుంచి ప్యాకెట్టు మీద దాని పేరు రాయాలన్నారు. చిన్నప్పుడు పల్లీపట్టీ కొరికి, పెదవులు వాచి, ఏడ్వడానికి కూడా ఊపిరందక నా భుజం మీద వేలాడింది నువ్వే కదమ్మా! అలర్జీ డాక్టరుకు చూపించుకోకుండా ఆ పిండి నాలుక మీద వేసుకోకు. అంతవరకు ఉప్పు చూసే పని మీ ఆయనకు అప్పగించు.

మీ పెదనాన్న