డెబిట్ కార్డు మోసాల నుంచి ఖాతాదారులను ఎలా కాపాడాలి?

నన్నడిగితే, బ్యాంకు తనంతట తాను కాపాడదండీ. వెంటపడి మనమే కాపాడించుకోవాలి. మా ఇంట్లో జరిగిందే చెప్తాను.

మా నాన్న తెనాలిలో రిటైరైన లెక్కల మాస్టారు. 2018 ఫిబ్రవరి చివర్లో ఒక ఆదివారం పొద్దున్నే లేచి ఫోను చూస్తే నాలుగు మెసేజ్‌లు. రాత్రి 11.52కి పదివేలు, 11.54కి పదివేలు, మళ్లీ 12.03కి, 12.05కి పదేసి వేలు. ఢిల్లీలో ఏదో ఏటీఎం. ఆయన కార్డుకు రోజుకు 20 వేలే పరిమితి. అర్ధరాత్రి దాటితే తారీఖు మారుతుంది కాబట్టి, రెండు రోజుల కోటా పావుగంటలో లాగేశారు. "వీడికి లెక్కలు చెప్పినవాడెవడో గానీ బాగానే చెప్పాడు" అన్నారు నాన్న.

కార్డేమో చొక్కా జేబులోనే ఉంది. మెసేజ్ మీద నమ్మకం లేక ఆరున్నరకల్లా వీధి చివర ఏటీఎంకి వెళ్లి 500 కొట్టారు. రాలేదు. 'పరిమితి దాటింది' అని స్లిప్పు వచ్చింది. దాన్ని నలిపి జేబులో పెట్టుకుని మండిపడుతూ ఇంటికొచ్చారు.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే ఒకటి నొక్కు, రెండు నొక్కు, మధ్యలో పర్సనల్ లోన్ ప్రకటన! కార్డు బ్లాక్ అయ్యి ఫిర్యాదు నంబరు వచ్చేసరికి అరగంట పట్టింది. సోమవారం బ్రాంచికి వెళ్తే అక్కడి ఆఫీసరు, "పిన్ లేకుండా డబ్బు రాదు మాస్టారూ, ఇంట్లో ఎవరికో చెప్పి ఉంటారు" అన్నాడు. నాన్న మొహం ఎర్రబడింది. "మా ఆవిడకే తెలియదయ్యా!"

అప్పుడు నేను రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఇచ్చిన సర్క్యులర్ ప్రింటు బల్ల మీద పెట్టాను. మన తప్పు, బ్యాంకు తప్పు లేకుండా బయటివాళ్లెవరో కాజేస్తే, మూడు పనిదినాల్లోపు చెప్పినవారికి పైసా నష్టం ఉండకూడదు. నాలుగు నుంచి ఏడు పనిదినాలైతే మామూలు సేవింగ్స్ ఖాతాకు మన నష్టం పదివేలు మించకూడదు. తప్పు ఖాతాదారుడిదే అని రుజువు చేయాల్సింది బ్యాంకే. ఫిర్యాదు అందిన పది పనిదినాల్లో ఆ సొమ్ము ఖాతాలో వేయాలి. ఆఫీసరు ఒకటికి రెండుసార్లు చదివి, "ఇది పైవాళ్లు చూసుకుంటారు" అన్నాడు. అర్జీ రెండు కాపీలు రాసి, ఒకదాని మీద ముద్ర వేయించుకునేదాకా మేం కదల్లేదు.

మమ్మల్ని గట్టెక్కించింది ఆ నలిగిన స్లిప్పే. రాత్రి 12.05కి ఢిల్లీలో ఉన్న కార్డు, పొద్దున ఆరున్నరకు తెనాలికి ఎలా వచ్చిందండీ? తొమ్మిదో పనిదినాన 40 వేలూ పడ్డాయి.

శివరాత్రికి కోటప్పకొండ వెళ్లినప్పుడు దారిలో ఏటీఎంలోనే కార్డు కాపీ కొట్టారని నా గట్టి నమ్మకం. రుజువు లేదనుకోండి. నాన్నది చిప్ లేని పాత కార్డు. అలాంటివన్నీ మార్చడానికి రిజర్వు బ్యాంకు పెట్టిన గడువు 2018 డిసెంబరు 31. మా బ్యాంకు చివరిదాకా ఆగింది. మూడు నెలలకోసారి ఎస్సెమ్మెస్ ఛార్జీ మాత్రం ఒక్కరోజు ఆగలేదు!

గోడల నిండా 'ఓటీపీ ఎవరికీ చెప్పకండి' అని పోస్టర్లు అంటిస్తారు. ఈ మూడు రోజుల సంగతి ఒక్క పోస్టరు మీదా నేను చూడలేదు. పొరపాటున ఓటీపీ చెప్పేసినా, సిగ్గుపడి దాచుకోకండి. బ్యాంకుకు చెప్పేదాకా పోయింది మనది, చెప్పాక పోయేది వాళ్లది. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కూడా వెంటనే ఫోన్ చేయండి. 2020 అక్టోబరు నుంచి ఆన్‌లైన్, విదేశీ వాడకాలను మనమే ఆపుకునే వీలు వచ్చింది. నాన్న రెండూ ఆపేసి, ఆపినట్టు వారానికోసారి యాప్‌లో చూసుకుంటారు.

ఏటీఎం స్లిప్పు దొరికితే ఆరోజే జిరాక్స్ తీయించండి. మాది ఇప్పుడు పాస్‌బుక్ కవర్లో తెల్లకాగితమై ఉంది, ఒక్క అక్షరం కనబడదు. పారేస్తానంటే నాన్న ఒప్పుకోరు.