‘ది నేకెడ్ సిటీ’ వీధుల్లో తిరగబోయే మా అమ్మలుకి

చిరంజీవి అమ్మలుకి మామయ్య ఆశీస్సులు.

న్యూయార్క్‌లో కుదురుకున్నానని, వేసవిలో ‘ది నేకెడ్ సిటీ’ సినిమా తీసిన చోట్లన్నీ తిరిగి చూడాలని ఉందని రాశావు. చాలా సంతోషం. ఆ ఊళ్లో ఉద్యోగం చేసినన్నాళ్లూ నా శనివారాలు చాలావరకు ఇలాంటి తిరుగుళ్లకే పోయాయి. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఫోన్ పట్టుకుని వెంటనే రోడ్డెక్కకు. ముందు సినిమా రెండుసార్లు చూడు. పాత సినిమాల్ని డిస్కులుగా తెచ్చే క్రైటీరియన్ కంపెనీ వాళ్లు 2020లో 4కే రిస్టొరేషన్‌తో, అంటే బొమ్మని స్పష్టంగా బాగుచేసి, బ్లూ-రే డిస్క్ తెచ్చారు, దొరికితే అదే చూడు. అరిగిపోయిన ప్రింటులో బోర్డుల మీద అక్షరాలు కనబడవు, నీకు కావలసింది ఆ అక్షరాలే.

మొదటిసారి కథ కోసం చూడు, ఎక్కడా ఆపకు. పెద్ద మలుపులేం ఉండవు. జీన్ డెక్స్‌టర్ అనే అమ్మాయిని బాత్‌టబ్‌లో ముంచి చంపేస్తారు, పోలీసులు హంతకుణ్ణి వెతుకుతారు. లెఫ్టినెంట్ మల్డూన్‌గా వేసిన బ్యారీ ఫిట్జ్‌జెరాల్డ్ ఐరిష్ యాస కొంచెం ఇబ్బంది పెట్టొచ్చు, సబ్‌టైటిల్స్ పెట్టుకో. కుర్ర డిటెక్టివ్ హాలరన్ చేతిలో ఫొటో పట్టుకుని ఇల్లిల్లూ, కొట్టుకొట్టూ తిరుగుతుంటే బోరు కొట్టొచ్చు. ఓపిక పట్టు. కథ రాసిన మాల్విన్ వాల్డ్ న్యూయార్క్ పోలీసు డిటెక్టివ్‌ల దగ్గర కూర్చుని, వాళ్ల పని చూసి రాశాడు. అక్కడ కేసు తేలేది కాళ్లరిగేలా తిరిగితేనే. వాళ్ల వెనకాలే మనమూ తిరుగుతాం కాబట్టే ఊరు మొత్తం చూస్తాం.

రెండోసారి సౌండ్ పూర్తిగా తీసేసి చూడు. నా సలహాలన్నిట్లోకీ ఇది ముఖ్యం. మాట వినబడుతుంటే కళ్లు హీరో మొహం మీదే ఉంటాయి, మాట పోతే వెనకాల జనం మీదికి వెళతాయి. ఇది 1947 వేసవిలో తీసిన సినిమా. అప్పటికి హాలీవుడ్‌లో వీధి కావాలంటే స్టూడియోలో సెట్టు వేసుకోవడమే ఎక్కువ. దర్శకుడు జూల్స్ డాసిన్ మాత్రం కెమెరాని వ్యాన్‌లో దాచి, బయటివాళ్లకి లోపల కనబడని అద్దం వెనక నుంచి తీశాడు. దాచడం కుదరని చోట జనం నటుల చుట్టూ మూగకుండా పక్కన గారడీ చేసేవాణ్ణి పెట్టించాడు. ఇంకోసారి ఒకతను దీపస్తంభం ఎక్కి, జెండా ఊపుతూ దేశభక్తి ఉపన్యాసం ఇచ్చాడట. జనమంతా అటు తిరిగారు, ఇటు షాట్ అయిపోయింది.

అందుకని ప్రతి వీధి సీన్‌లోనూ ఒక ప్రశ్న వేసుకో: ఈ ఫ్రేములో సినిమా తీస్తున్నారని ఎవరికి తెలుసు, ఎవరికి తెలియదు? తోపుడుబండి దగ్గర బేరమాడుతున్నావిడ, ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని పోతున్నాయన వీళ్లకి తెలుసా? కొందరి విషయంలో చెప్పలేం. నాకు ఈ సినిమా మీద ఇంత ప్రేమ కలగడానికి ఆ మనుషులే కారణం.

కెమెరామన్ విలియం డేనియల్స్ గురించి కూడా ఒక మాట. ఏళ్ల తరబడి స్టూడియోలో హాలీవుడ్ తార గ్రెటా గార్బో మొహానికి లైటింగ్ చేసినాయన. అలాంటాయన ఈ సినిమాకి వీధిలోకి వచ్చి, ఉన్న ఎండతోనే పని చేసుకుని ఆస్కార్ కొట్టాడు. ఎడిటర్ పాల్ వెదర్‌వాక్స్‌కీ ఆస్కార్ వచ్చింది. నిర్మాత మార్క్ హెలింజర్ మాత్రం 1947 డిసెంబర్‌లోనే పోయాడు, సినిమా 1948 మార్చిలో విడుదలైంది. మొదటి నుంచి చివరిదాకా వ్యాఖ్యానం చెప్పే గొంతు ఆయనదే. మొదట్లో ముఖ్యమైనవాళ్ల పేర్లు కూడా తెర మీద వేయకుండా నోటితోనే చెబుతాడు.

ఇక చోట్లు పట్టుకోవడం. ఇంటర్నెట్‌లో జాబితాలు చాలా ఉంటాయి, వాటిని చివర్లో సరిచూసుకోవడానికి ఉంచుకో. ముందు నీ కళ్లతో వెతుకు. ఫ్రేము ఆపి కొట్టు పేరు, ఇంటి నంబరు, వీధి బోర్డు ఏది కనబడితే అది రాసుకో. ఆ తర్వాత న్యూయార్క్ మునిసిపల్ ఆర్కైవ్స్ వాళ్ల ట్యాక్స్ ఫొటోలు చూడు. 1939 నుంచి 1941 దాకా ఇంటి పన్ను లెక్కల కోసం ఊళ్లో ఉన్న భవనాలన్నిటికీ ఫొటోలు తీశారు. ఇప్పుడవి ఆన్‌లైన్‌లో ఉచితంగా ఉన్నాయి. సినిమాకి ఆరు నుంచి ఎనిమిదేళ్ల ముందువి కాబట్టి కొట్లు మారినా గోడలు, మెట్లు, కిటికీల పైన చెక్కడాలు కలుస్తాయి. ఫైర్ ఎస్కేప్ మెట్లు (మంటలొస్తే దిగడానికి గోడ బయట వేసిన ఇనుప మెట్లు) ఏ కిటికీ దగ్గర మొదలవుతున్నాయో చూడు, చాలాసార్లు దాంతోనే బిల్డింగ్ తేలిపోతుంది.

వెళితే ఎండాకాలంలోనే వెళ్లు, నీడలు కూడా సినిమాలో పడ్డట్టే పడతాయి. మాన్‌హటన్‌లో నంబర్ల వీధులు సరిగ్గా తూర్పు పడమరలుగా ఉండవు, దాదాపు 29 డిగ్రీలు ఒరిగి ఉంటాయి. కాబట్టి నీడని బట్టి టైమ్ అంచనా వేసేటప్పుడు మ్యాప్ దగ్గర పెట్టుకో.

ముందు వెస్ట్ 20వ వీధిలో, సినిమాలో కనబడే పదో ప్రీసింక్ట్ (పోలీసు డివిజన్) స్టేషన్ చూడు. అది ఇప్పటికీ పనిచేస్తున్న స్టేషన్, ఎదుటి పేవ్‌మెంట్ మీద నుంచే చూసి వచ్చేయ్. ఎక్కువసేపు ఉండాల్సింది లోయర్ ఈస్ట్ సైడ్‌లో, రివింగ్టన్ స్ట్రీట్ చుట్టుపక్కల. అక్కడ ఇప్పటికీ జనం కాపురాలుంటున్నారు. ఎవరి గుమ్మమైనా ఫొటో తీయాలనిపిస్తే అడిగి తీయి. వద్దంటే నవ్వి వచ్చేయ్.

అక్కడి నుంచి డిలాన్సీ స్ట్రీట్ మీదుగా నడిచి విలియమ్స్‌బర్గ్ వంతెన ఎక్కు. క్లైమాక్స్ అక్కడే. హంతకుడు గార్జా పరిగెడుతూ ఒక గుడ్డాయన్ని గుద్దుకుంటాడు, ఆయన కుక్క మీదపడితే దాన్ని కాలుస్తాడు. ఆ చప్పుడుతో దొరికిపోయి, ఇనుప టవర్ ఎక్కుతాడు. పైనుంచి కిందికి చూసే షాట్‌లో ఎవరో తాపీగా టెన్నిస్ ఆడుకుంటూ ఉంటారు. పైన ఒక మనిషి ప్రాణం పోబోతోందని వాళ్లకి తెలియదు. అక్కడ ఒక్క నిమిషం ఆపి చూడు. నేనైతే సినిమా మొత్తానికీ అదే గొప్ప షాట్ అంటాను.

ఇప్పుడు వంతెన మీద ఎత్తుగా కంచె ఉంది, ఆ దృశ్యం అలాగే దొరకదు. దొరకాలని ఎక్కడా ఎక్కే ప్రయత్నం చేయకు. సైకిళ్లు చాలా స్పీడుగా వస్తాయి, ఫోటో తీసేటప్పుడు ఒక పక్కకి నిలబడు. ట్రైన్ పక్కనుంచి పోతుంటే కాళ్ల కింద అదురు తెలుస్తుంది, అది మాత్రం ఆనాటిదే. దిగువన పాత ఇళ్లు చాలా కూల్చేసి పెద్ద పెద్ద అపార్ట్‌మెంట్లు కట్టేశారు. అక్కడ పోల్చుకోలేకపోతే దిగులు పడకు, వదిలేసి ముందుకి పో.

లైబ్రరీకి వెళ్లినప్పుడు న్యూయార్క్ న్యూస్ ఫొటోగ్రాఫర్ వీజీ ఫొటోల పుస్తకం ‘నేకెడ్ సిటీ’ కూడా అడుగు. 1945లో వచ్చింది, హెలింజర్ ఈ పేరు కొన్నది అతని దగ్గరే. ఇదంతా అయ్యాక డాసిన్ 1950లో లండన్‌లో తీసిన ‘నైట్ అండ్ ద సిటీ’ పెట్టుకో. అక్కడ ఊరు రాత్రి పూటే ఎక్కువ కనబడుతుంది. రెండిట్లో నీకు ఏది నచ్చిందో, ఎందుకు నచ్చిందో ఉత్తరంలో రాయి.

మీ మామయ్య